రైలులో ప్రమాదకరమైన సరకుల రవాణా: ప్రత్తి, మిరప రైతులు గమనింపవలసిన జాగ్రత్తలు

డిసెంబరు, జనవరి నెలలలో మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి భూములలో రెండు పనులు ఒకేసారి జరుగుచుండును. మిరపతోటకు ఇంకను మందు కొట్టవలసియే యుండును. అదే సమయమున ప్రత్తి తీతలు ముగింపునకు వచ్చి, ముందుగా వేసిన తోటలలో పండుకాయ కోతకు వచ్చును. అనగా పట్టణమునుండి పల్లెకు విషము వచ్చుచుండగా, పల్లెనుండి పట్టణమునకు పంట పోవుచుండును. ఈ రెండింటిని మోయునది తరచుగా ఒకే బండి. ఉదయము పురుగుమందు పెట్టెలను దించిన ట్రక్కులోనే సాయంత్రము మిరప టిక్కీలను ఎక్కింతురు. బాడుగ కలిసివచ్చును గనుక ఇందులో తప్పేమని ఎవ్వరును అడుగరు.

రోడ్డు మీది బండి సంగతి ఇట్లుండగా, రైలు సంగతి మరింత పెద్దది. రైలు పెట్టెలో ఒకచోట ఒలికిన మందు ఆ ఊరిలోనే ఉండిపోదు. ఆ పెట్టె రేపు ఎచ్చటికి పోవునో, అందులో ఏమి ఎక్కింతురో ఒలకబోసిన వానికి తెలియదు. 2020 జూలైలో గుంటూరు చెంతనున్న రెడ్డిపాలెమునుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు 16 పార్సెలు పెట్టెలు గల ప్రత్యేక రైలులో ఎండుమిరప పోయినది. మన కల్లములో ఆరిన కాయ అట్లు దేశపు సరిహద్దు దాటి పరుల వంటయింటికి చేరినది. అట్టి పెట్టెలో అంతకు ముందు ఏమి వచ్చినదను ప్రశ్న వ్యాపారికే గాక రైతుకును ముఖ్యమే.

రైల్వేవారు ప్రమాదకరమని దేనినందురు?

రైల్వేశాఖవారు ఈ విషయమై 'రెడ్ టారిఫ్' అను నిబంధనల గ్రంథమును అమలు జరుపుచున్నారు. అందులో సరకులను 8 తరగతులుగా విభజించిరి. ప్రేలుడు పదార్థములు, ఒత్తిడిలో నింపిన వాయువులు, పెట్రోలు మొదలగు మండు ద్రవములు, మండు ఘనపదార్థములు, ఆమ్లజనిని విడిచి మంటను పెంచు పదార్థములు, విషములు, రేడియోధార్మిక పదార్థములు, ఆమ్లములు మొదలగు కొరుకుడు సరకులు అనునవి ఆ తరగతులు. ఒక్కొక్క సరకును ఎట్లు కట్టవలెనో, దేనితో కలిపి వేయరాదో, పెట్టెకు ఏ చీటి అంటింపవలెనో అందు వ్రాసియుండును.

వీనిలో సగమునకు పైగా రైతు కొట్టములో కనిపించునవే. డీసెలు మండు ద్రవము. గంధకము మండు ఘనపదార్థము. పురుగుమందులు విషములు. బిందుసేద్యపు తొట్టిలో కలుపు పొటాషియం నైట్రేటు మంటను పెంచునది. స్ప్రేయరు, ట్రాక్టరు బాటరీలలోనిది ఆమ్లము. యూరియా, డి.ఎ.పి., సూపరు ఫాస్ఫేటు మాత్రము ఈ కోవకు చెందవు. గూడ్సు షెడ్డులో యూరియా బస్తాలను చూచి భయపడ పనిలేదు. భయపడవలసినవానిని గుర్తించుటయే ముఖ్యము.

1989 నాటి రైల్వే చట్టము 67వ సెక్షను ప్రకారము ప్రమాదకరమైన సరకును రైలుకు అప్పగించువాడు రెండు పనులు తప్పక చేయవలెను. సరకు ఎట్టిదో అధికారము గల రైల్వే ఉద్యోగికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. కట్ట మీద, వెలుపలివైపున, ఆ సంగతి స్పష్టముగా గుర్తు వేయవలెను. ఈ రెండును చేయక రైలు ఎక్కించినచో 164వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు జైలు శిక్షయు, 1,000 రూపాయల వరకు జరిమానాయు, లేక రెండును పడవచ్చును. అందువలన కలిగిన నష్టమునకు కూడ అతడే బాధ్యుడగును. జరిమానా చిన్నదే గదా యని కొందరు తేలికగా తీసికొందురు. నష్టమునకు బాధ్యత యను మాట ఎంత పెద్దదో వారు ఆలోచింపరు.

రొట్టెలోనికి విషమెట్లు వచ్చినది?

1956లో బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున కొన్ని కుటుంబములవారు రొట్టె తిని, వాంతులతోను మూర్ఛలతోను మంచమెక్కిరి. అదృష్టవశమున ఎవ్వరును మరణింపలేదు. రొట్టె కాల్చినవాని తప్పు కనబడలేదు. పిండి మర పట్టినవాని తప్పును కనబడలేదు. వైద్యాధికారులు పిండి వచ్చిన దారివెంట వెనుకకు పోగా, రైలు పెట్టె దగ్గర దారి ఆగినది. ఆ పెట్టెలో సుమారు రెండు నెలల క్రిందట ఎండ్రిన్ మందు రవాణా అయినది. డబ్బా కారి మందు పెట్టె అడుగు పలకలలో ఇంకినది. పైకి తడి ఆరిపోయినది. పిదప ఎన్నడో ఆ పలకల మీద పిండి బస్తాలు వేసిరి.

ఎండ్రిన్ పేరు పెద్ద రైతులకు గుర్తుండియే యుండును. ఒకప్పుడు ప్రత్తి పురుగుకు మన దేశమంతట వాడిన మందే అది. తరువాత నిషేధింపబడినది. ఆరిపోయిన మందు పోయిన మందు కాదని ఈ సంఘటన చూపుచున్నది. నేల మీద ఒలికిన నీరు ఆవిరియై పోవును. నూనెలో కలిపిన పురుగుమందు ఆవిరియై పోదు. చెక్కలోనికి, గోనెలోనికి, సిమెంటు నెఱ్ఱెలలోనికి దిగి కూర్చుండును. దాని మీద బరువు గల బస్తా పడినప్పుడు మరల పైకి వచ్చును.

రెండేండ్ల తరువాత, 1958లో, మన పొరుగునే కేరళలో ఇంతకంటె ఘోరము జరిగినది. గోధుమపిండి మొదలగు తినుబండారములను, ఫోలిడాల్ అను పేరుతో అమ్ము పారాథియాన్ మందును ఒకే ఓడలో, ఒకే చోట వేసి తెచ్చిరి. దారిలో మందు కారి ఆహారపు బస్తాలలోనికి దిగినది. ఆ పిండిని తిని నూరుమందికి పైగా మరణించిరి. వారిలో ఎవ్వరును పొలములో మందు కొట్టినవారు కారు, మందు డబ్బాను చూచినవారును కారు.

ఈ దుర్ఘటనపై విచారణ జరిగి, దాని ఫలితముగా 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నియమములను మన దేశమున చేసిరి. డబ్బా మీద నేడు మీరు చూచు రంగు గుర్తులు కూడ ఆ నియమముల వలన వచ్చినవే. అనగా మీ చేతిలోని డబ్బాపై గల ఎఱ్ఱ గుర్తుకు మూలము రవాణాలో జరిగిన ఒక పొరపాటు. పొలములో జరిగినది కాదు. ఈ సంగతి చాలమందికి తెలియదు.

ఆ నియమములలో రైలు రవాణాను గూర్చిన భాగము చిన్నదే యైనను సూటిగా ఉన్నది. రైలులో పంపు పురుగుమందుల కట్టలు రెడ్ టారిఫ్‌లో చెప్పినట్లు కట్టబడి యుండవలెను. పురుగుమందు తినుబండారములకు గాని పశువుల దాణాకు గాని తగులునట్లు రవాణా చేయరాదు, నిలువ చేయరాదు. దారిలో కట్ట పగిలి ఆహారముతో కలిసినచో, నియమిత అధికారులు పరీక్షింపనిదే ఆ ఆహారమును ప్రజలకు విడువరాదు. మందు కారినచో మనుష్యులకు విషము తగులకుండను, నేలకు నీటికి చెరుపు కలుగకుండను వెంటనే తగిన చర్య తీసికొను బాధ్యత రవాణా చేయువానిది, లేక నిలువ చేసినవానిది.

ఇందులో 'దాణా' అను మాటను రైతులు ప్రత్యేకముగా గమనింపవలెను. మనము తినునది కాదు గదా యని తవుడు బస్తా ప్రక్కన మందు పెట్టె పెట్టువారు ఉన్నారు. గేదె తిన్నది పాలలోనికి వచ్చును.

మందు తెచ్చుకొనునప్పుడు

మందును రైలు పార్సెలులోనో, లారీలోనో తెప్పించు సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంస్థలును ఇప్పుడు పెరుగుచున్నవి. అట్టివారు బుక్ చేయకముందే పార్సెలు కార్యాలయమునకు పోయి సరకు పేరు, పరిమాణము, డబ్బా మీది హెచ్చరిక చెప్పి, ఆ స్టేషనులో అట్టి సరకును తీసికొందురా లేదా అని అడుగవలెను. అన్ని స్టేషనులలోను, అన్ని రైళ్లలోను అన్ని సరకులను తీసికొనరు. కాగితము మీద 'వ్యవసాయ సామాను' అని వ్రాసి లోపల మందు పెట్టి పంపుట నేరమే గాక, ఆ పెట్టెను మోయు ముఠా కూలీకి చేయు ద్రోహము. 'మందు' అని తెలిసినవాడు దానిని భుజము మీద పెట్టుకొనక చేతితో పట్టుకొనును. దానిని పట్టుకొన్న చేతితో బీడీ నోట పెట్టుకొనడు.

డబ్బా మీది చతురస్రపు గుర్తులో క్రింది సగము రంగు ఏమిటో చూడుడు. ఎఱుపు అత్యంత విషము, పసుపు తీవ్ర విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్ప విషము. ఈ విభజన ఊరక చేసినది కాదు. ప్రయోగశాలలో జంతువులకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగము జంతువులు చచ్చుటకు శరీరపు బరువు కిలో ఒక్కింటికి ఎన్ని మిల్లీగ్రాములు పట్టునో లెక్కించి, 50 వరకు పట్టినచో ఎఱుపు, 51 నుండి 500 వరకు పసుపు, 501 నుండి 5,000 వరకు నీలము, అంతకు మించినచో ఆకుపచ్చ అని నిర్ణయించిరి. ఎఱుపు, పసుపు గుర్తులు గల సరకును మాత్రమే వేరుగా ఉంచి, నీలపు గుర్తు గలదానిని మిరప టిక్కీల మీద వేయవచ్చునని దీనికి అర్థము కాదు. దేనినైనను తిండి సరకునకు దూరముగా ఉంచవలసినదే.

మూత బిగువు, సీలు, డబ్బా అడుగు చూచి తీసికొనవలెను. పెద్ద డబ్బాలోని మందును చిన్న సీసాలలో పోయించుకొని తెచ్చుట మన ప్రాంతమున ఇంకను పోలేదు. ఆ చిన్న సీసాకు గుర్తు లేదు, రంగు లేదు, బిగువైన మూత లేదు. ప్రయాణములో అది పగిలినచో ఏ మందో చెప్పగల కాగితము కూడ ఉండదు. వైద్యుడు మొదట అడుగునది ఆ కాగితమునే.

సరకు వచ్చినదని కబురు రాగానే విడిపించుకొనవలెను. పార్సెలు గదిలో మందు పెట్టె ఎన్ని రోజులున్న అన్ని రోజులు పండ్ల బుట్టల ప్రక్కన, చేపల పెట్టెల ప్రక్కన ఉండును. వానకు తడిసిన అట్టపెట్టెను ఎత్తినప్పుడు అడుగు జారి సీసాలు పడుట సామాన్యముగా జరుగునదే.

నిలువ గింజలలోని పురుగులను చంపుటకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లల సంగతి ఇంకను వేరు. ఇవి తడి తగిలిన చాలును, గాలిలోని చెమ్మ తగిలినను చాలును, ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. 3 గ్రాముల బిళ్ల ఒక గ్రాము వాయువును ఇచ్చును. దానికి విరుగుడు లేదు. ఆ వాయువు నిప్పంటుకొను గుణము కలది కూడ. కావున ఈ బిళ్లల డబ్బా తడిసినచో, పొగవంటిది వచ్చుచున్నచో, దాని మీద నీరు పోయరాదు. దూరముగా జరిగి, తలుపులన్నియు తెరచి, మనుష్యులను వెలుపలికి పంపివేయవలెను.

సవారీ బండిలో మందు డబ్బా

గుంటూరు వచ్చి మందు కొని, సాయంత్రపు బండిలో నరసరావుపేట, వినుకొండ, మార్కాపురము వైపు పోవు రైతులు కలరు. తెనాలి, బాపట్ల, చీరాల వైపు పోవువారును కలరు. సంచిలో మందు డబ్బా, దాని మీద పిల్లలకు కొన్న జిలేబి పొట్లము. ఇది వ్రాయుటకు కష్టముగా నున్నది గాని చూచిన సంగతియే. ప్రమాదకరమైన సరకులను, మండు పదార్థములను, ఆమ్లములను, గ్యాసు సిలిండర్లను, తుదకు ఖాళీ సిలిండర్లను సైతము సామానుగా తీసికొనిపోరాదని రైల్వే నిబంధన. బెంచీ క్రింద పెట్టిన డబ్బా దొర్లి మూత ఊడినచో, ఆ పెట్టెలో నేల మీద కూర్చున్న తల్లులు, పసిపిల్లలు ఏమగుదురు?

నిప్పు విషయములో ఇంతకంటె వివరింప నక్కరలేదు. 2023 ఆగస్టు 26వ తేదీన మదురై స్టేషను యార్డులో నిలిపియుంచిన యాత్రికుల పెట్టెలో, రహస్యముగా తెచ్చుకొన్న గ్యాసు సిలిండరు వలన మంటలు చెలరేగి 9 మంది మరణించిరి. వారు టీ కాచుకొనదలచినవారే గాని దుర్మార్గులు కారు. స్ప్రేయరు ఇంజనుకు పెట్రోలు సీసా తీసికొనిపోవు రైతును దుర్మార్గుడు కాడు.

సురేకారము, గంధకము, ప్రత్తి

బాణసంచా మందు దేనితో చేయుదురో మన పల్లెలలో తెలియనివారు లేరు. సురేకారము, గంధకము, బొగ్గు. ఇప్పుడు మిరప రైతు కొట్టము చూడుడు. బూడిద తెగులునకు, నల్లికి తెచ్చిన గంధకము ఒక మూల ఉండును. బిందుసేద్యములో ఇచ్చుటకు తెచ్చిన 13-0-45 బస్తా మరియొక మూల ఉండును. ఆ 13-0-45 అనునది పొటాషియం నైట్రేటే, అనగా సురేకారమే. పేరు మారినందున గుణము మారలేదు. బొగ్గు బదులు ప్రత్తి, చొప్ప, డీసెలు గుడ్డలు ఉండనే ఉన్నవి. విడివిడిగా ఉన్నంతవరకు ఏదియు తనంత తాను ప్రేలదు. బస్తాలు చిరిగి కలిసినప్పుడు, దానికి నిప్పు తోడైనప్పుడు, ఆర్పుట ఎవరి తరమును కాదు. సాధారణమైన మంటను దుప్పటి కప్పియో మట్టి పోసియో గాలి తగులకుండ చేసి ఆర్పవచ్చును. నైట్రేటుకు బయటి గాలితో పనిలేదు, మంటకు కావలసిన ఆమ్లజనిని అదియే ఇచ్చును. అందుచేత మట్టి కప్పి లాభము లేదు. మొదటనే, దూరమునుండి, విస్తారముగా నీరు పోయవలెను. మంట పెద్దదైనచో వదలిపెట్టి దూరముగా పోవలెను.

ఈ సరకులన్నియు ఒకే రైలులో పడినచో ఏమగునో 2004 ఫిబ్రవరి 18వ తేదీన ఇరాన్ దేశములోని నిషాపూర్ దగ్గర లోకము చూచినది. ఒక స్టేషనులో నిలిపిన 51 వ్యాగన్లు తెల్లవారుజామున ఎవరి అదుపు లేక వాటంతట అవి దొర్లి, సుమారు 20 కిలోమీటర్లు పోయి, ఖయ్యాం అను స్టేషను దగ్గర పట్టాలు తప్పి పడిపోయినవి. వానిలో ఏమున్నవనుకొనుచున్నారు? గంధకము, పెట్రోలు, ఎరువు, ప్రత్తి. మంటలు రేగినవి. అగ్నిమాపక దళమువారు వచ్చిరి. అధికారులు వచ్చిరి. చుట్టుప్రక్కల పల్లెలవారును చూచుటకు వచ్చిరి. కొన్ని గంటలు మంట ఆర్పుచుండగా, ఉదయమున ఒక్కసారిగా ప్రేలినది. సుమారు 300 మంది చనిపోయిరి. పల్లెలలో మట్టి ఇండ్లు కూలినవి.

పట్టాలు తప్పినప్పుడు చనిపోయినవారి కంటె, తరువాత గుమిగూడినచోట చనిపోయినవారే అధికము. విజయవాడనుండి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా చెన్నైకి పోవు పెద్దలైనులో పెట్రోలు, గ్యాసు టాంకు వ్యాగన్ల రైళ్లు పోవుట మీరు చూచియే యుందురు. ఆ లైను ప్రక్కన పొలములున్న రైతులకు నిషాపూర్ సంగతి తెలిసియుండుట అవసరము. టాంకు వ్యాగను పడినదని తెలిసినచో బిందెలు తీసికొని పోరాదు. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తాపడిన లారీ నుండి కారుచున్న పెట్రోలు పట్టుకొనబోయి 200 మందికి పైగా కాలిపోయిరి.

అమ్మోనియం నైట్రేటును గూర్చి ఒక మాట. 1947లో అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో, 2020లో బీరూట్ రేవులో ఊళ్లను కూల్చినది ఇదియే. బీరూట్‌లో నిలువయున్నది 2,750 టన్నులు. మన దేశములో 2012 నాటి ప్రత్యేక నియమముల క్రింద దీని తయారీ, నిలువ, రవాణా లైసెన్సు గలవారికే అనుమతింపబడుచున్నవి. రైతు దీనిని నేరుగా కొని వాడు అవసరమే లేదు. ఎవరైన చవకగా నైట్రేటు ఎరువని గుర్తులేని బస్తాలు అమ్మవచ్చినచో కొనకుండుట ఒక్కటే మార్గము.

ప్రత్తి కూడ ప్రమాదకరమైన సరకేనా?

తడిసినచో అవును. అంతర్జాతీయ రవాణా జాబితాలో తడిసిన ప్రత్తి తనంత తాను వేడెక్కు సరకులలో చేరియున్నది. ప్రత్తిలో ఆకు చెత్త, నలిగిన గింజ, తడి కలిసినచో లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టును. నూనె తగిలిన ప్రత్తి ఇంకను చెడ్డది. కుప్పలోని వేడి వెలుపలికి పోవుటకు దారి లేక పెరుగుచుండును. గడ్డివాము తడిగా వేసినప్పుడు లోపల కాగుట ఎరిగిన రైతునకు ఈ సంగతి వేరుగా చెప్ప పనిలేదు.

దీనికి తోడు ప్రత్తి నిప్పునకు ఒక దొంగగుణమున్నది. బేలుకు బయట అంటుకొన్న రవ్వ పైకి మండక లోనికి ప్రాకును. మంట కనబడదు, పొగయు కొంచెమే. ఒక రోజు, రెండు రోజులు, అంతకు మించియు లోలోపల రగులుచుండి, గాలి తగిలినప్పుడు ఒక్కసారి భగ్గుమనును. జిన్నింగు మిల్లులో అంటుకొన్న రవ్వ ఎన్నో మైళ్ల అవతల, కదలుచున్న రైలులో బయటపడుట అందుచేతనే. 170 కిలోల బేలును గట్టిగా అదిమి, ఇనుప బద్దలతో కట్టి పంపుట సౌకర్యమునకే గాక క్షేమమునకు కూడ. గట్టిగా అదిమిన దానిలో గాలి తక్కువ. వదులుగా కుక్కిన బోరెములో గాలి ఎక్కువ, ప్రమాదమును ఎక్కువ.

రైతు చేయగలిగినది పొలములోనే మొదలగును. మంచు ఆరిన తరువాత ప్రత్తి తీయవలెను. తడి ప్రత్తిని బోరెములలో కుక్కి రాత్రి ఉంచరాదు. మిల్లుకు తూకమునకై నీళ్లు చల్లుట మోసమని అందరును అందురు. అది అపాయము కూడనని అనువారు తక్కువ. బండిపై ప్రత్తి వేసినప్పుడు డీసెలు డబ్బా, నూనె గుడ్డలు, గంధకము, నైట్రేటు బస్తా దాని దరిదాపులలో ఉండరాదు. గూడ్సు షెడ్డులో బీడీ, చుట్ట ఎట్టి పరిస్థితిలోను పనికిరావు. ముఠా మేస్త్రీకి ఈ మాట సరకు యజమాని చెప్పినచో చెల్లును, ఇతరులు చెప్పినచో చెల్లదు. రగులుచున్నట్లు అనుమానము గల బేలును పెట్టెలోనే విప్పరాదు. విప్పినచో గాలి తగిలి మండును. దానిని వెలుపలికి, ఇతర సరకునకు దూరముగా తీసికొనిపోయి, నీరు సిద్ధముగా ఉంచుకొని, నెమ్మదిగా విప్పవలెను.

మిరప ఎక్కించుటకు ముందు

మిరపకు నిప్పు భయము తక్కువ, విషము భయము ఎక్కువ. రైలు పెట్టెగాని లారీగాని వచ్చినప్పుడు మొదటి టిక్కీ ఎక్కకముందే ఒకరు లోపలికి పోయి చూడవలెను. అడుగున మరకలు గలవా? కిరసనాయిల వంటి, వెల్లుల్లి వంటి, కుళ్లిన వంటి వాసన కలదా? మూలలలో పొడి, పగిలిన గాజు, పాత చీటీ ముక్కలు గలవా? అనుమానమున్నచో ఎక్కించుట ఆపి స్టేషను అధికారికి తెలిపి మరియొక పెట్టె అడుగవలెను. పైన పరదా పరచి ఎక్కింతమనుట పనికిమాలిన ఉపాయము. నూనె గల మందు గోనెను దాటినట్లే పలుచని పరదా చిరుగులను దాటును. వేల్స్‌లో పిండి కూడ బస్తాలలోనే ఉన్నది.

విదేశములకు పోవు మిరపలో పురుగుమందు అవశేషములు పరీక్షింతురని మీకు తెలియును. పొలములో కోతకు ముందు విరామము పాటించి, మందు తగ్గించి, శ్రమపడి పండించిన కాయ ఒక మురికి పెట్టె వలన తిరస్కరింపబడవచ్చును. అప్పుడు ఆ తప్పు రైతు మీదికే వచ్చును. పరీక్ష యంత్రము మందు ఉన్నదని చెప్పును గాని ఎచ్చట తగిలినదో చెప్పదు.

మందు కారినచో, ఒంటికి తగిలినచో

మొట్టమొదట గాలి ఎటునుండి వీచుచున్నదో చూచి, గాలి వచ్చు వైపునకు పోవలెను. పిల్లలను, పశువులను దూరము పంపవలెను. కారిన మందు మీద పొడిమట్టి, ఇసుక, లేక బూడిద చల్లి పీల్చుకొననిచ్చి, చేతులకు తొడుగులు వేసికొని పారతో ఎత్తి, మూత గల పాత్రలో వేసి గుర్తు పెట్టవలెను. నీళ్లు పోసి కడుగుట మనవారికి అలవాటు. ఆ నీరు కాలువలోనికి, కాలువ చెరువులోనికి పోవును. స్టేషనులో జరిగినచో వెంటనే అక్కడి సిబ్బందికి, 139 కు తెలుపవలెను. నిప్పు అయినను ప్రాణాపాయమైనను 112 కు ఫోను చేయవచ్చును. ఫోనులో ఊరి పేరు, కిలోమీటరు రాయి, వ్యాగను మీది గుర్తు దూరమునుండి కనబడినంతవరకు చెప్పవలెను. చదువుటకై దగ్గరకు పోరాదు.

మందు తగిలినవాని కంటిపాప చిన్న చుక్కవలె ముడుచుకొనుట, నోట నీరూరుట, విపరీతమైన చెమట, ఆయాసము, కండరములు అదరుట ఇవి ఆర్గానోఫాస్ఫేటు మందుల విష లక్షణములు. తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు బాగుగా కడిగి, స్పృహ లేనిచో ఎడమ ప్రక్కకు పడుకొనబెట్టి 108 బండిలో ఆసుపత్రికి పంపవలెను. పాలు, నెయ్యి, నూనె పోయరాదు. కొన్ని మందులను అవి మరింత త్వరగా రక్తములోనికి చేర్చును. డబ్బానో, దాని చీటినో రోగితో పంపవలెను. కడిగినవాడును తరువాత ఒళ్లు కడుగుకొని బట్టలు మార్చుకొనవలెను.

ఖాళీ డబ్బాలు

ఖాళీ డబ్బా కూడ ప్రమాదకరమైన సరకే. 2013 జూలై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియున్నది. ఆ మందు ప్రత్తి రైతులకు కొత్తది కాదు. మంచి ప్లాస్టిక్కు డబ్బా పారవేయుటకు మనసొప్పక నూనెకు, కిరసనాయిలుకు, పాలకు వాడు ఇండ్లు నేటికిని ఉన్నవి. పాత సామాను కొనువానికి అమ్మినచో అది ఎవరి ఇంటికి పోవునో తెలియదు.

మందు పూర్తిగా వాడిన తరువాత డబ్బాను మూడుసార్లు నీటితో కడిగి, ఆ నీటిని స్ప్రేయరు తొట్టిలోనే పోసి పంటపై కొట్టవలెను. డబ్బాకు అడుగున, ప్రక్కల మేకుతో చిల్లులు పొడిచి, అణచి, వాడుకకు పనికిరానట్లు చేసి, ఇండ్లకును బావికిని చెరువునకును దూరముగా లోతుగా పూడ్చవలెను. లేదా సేకరించు ఏర్పాటున్నచోట అప్పగింపవలెను. కాల్చరాదు. మందు తెచ్చిన అట్టపెట్టెలను కూడ మిరప టిక్కీల అడుగున వేయుటకో, దాణా తొట్టి క్రింద పరచుటకో దాచుకొనక ముక్కలు చేసి డబ్బాలతోపాటు పూడ్చవలెను.